అరగంట ఆగాను

3, సోమవారం

ట్రాక్టర్ మళ్ళీ ఉడికింది. ఈసారి మామూలుగా కాదు. పొలం మధ్యలో, పదకొండింటికి, రేడియేటర్ మూత సందులోంచి ఆవిరి బుస్సుమని లేచింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటిపోయి అక్కడే కూర్చుంది. ఇంజిన్ ఆపేశాను. గట్టు మీద కూర్చుని అరగంట ఆగాను. చల్లారాకే నీళ్ళు పోశాను. తర్వాత మెల్లగా ఇంటికి తెచ్చాను.

ఆయనతో కూడా అదే చెప్పాను. విరిగిన కాలు దిండు మీద పెట్టుకుని, కట్టులోకి పుల్ల దూర్చి గోక్కుంటూ విన్నారు.

"వేడి మీద చన్నీళ్ళు గానీ పోశావా ఏంటి? బుద్ధున్న వాళ్ళెవరూ పొయ్యరు. ఇంజిన్ బ్లాక్ నిలువునా పగులుతుంది."

"అరగంట ఆగానండీ."

"అరగంట చాలదు."

"అరగంట పైనే."

పుల్ల పక్కన పెట్టి పైకప్పు వైపు చూశారు. "ఇక దీంతో వేగలేం. అమ్మేద్దాం. దున్నకానికి ఎవరి బండైనా పిలుచుకోవచ్చు" అన్నారు. ఏదో పాత గొడుగు పారేద్దామన్నట్టు అన్నారు.

ఆయన ట్రెయిలర్ మీంచి పడి నాలుగు వారాలైంది. నేను స్టీరింగ్ పట్టి మూడు వారాలైంది. అంతకుముందు పందొమ్మిదేళ్ళు నేను చేసిందల్లా గుమ్మంలో నిలబడి బండి వెళ్ళడం చూడటం, రావడం చూడటం. ఒకసారి నేర్పించమంటే "నీకెందుకే ఆ తంటా" అన్నారు. ఇప్పుడు ఆ తంటా నాకు పట్టుబడింది. నా చాలు ఆయన చాలుకన్నా తిన్నగా వస్తోంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, అనను కూడా. బండి పోతే నేను మళ్ళీ గుమ్మంలోకే. అది నావల్ల కాదు.

4, మంగళవారం

మెకానిక్ వచ్చాడు. ఊరంతా అతన్ని తలూపుడు మేస్త్రీ అంటారు. ఏం అడిగినా ముందు తల అడ్డంగా ఊపుతాడు, తర్వాతే నోరు విప్పుతాడు. బానెట్ కూడా ఎత్తలేదు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తల ఊపాడు.

"ఇంజిన్ హెడ్డన్నా పోయుండాలి, బ్లాకన్నా పగిలుండాలి. విప్పితే తలనొప్పి, విప్పకపోతే గుండెనొప్పి. వేడి మీద నీళ్ళు పోశారా అక్కా?"

"పావుగంట ఆగాను."

కిటికీలోంచి ఆయన గొంతు. "నిన్న అరగంటన్నావ్?"

"ఇంజిన్ ఆపి అరగంట, మూత తీశాక పావుగంట!" అని అరిచాను. లెక్క ఎలా కుదిరిందో నాకే తెలీదు. అప్పటికి నోటికి అదే వచ్చింది.

పోతూ పోతూ మేస్త్రీ ఒక మాట అన్నాడు. ఇంజిన్ ఆయిల్ కడ్డీ బయటికి లాగి చూడాలట. ఆయిల్ నల్లగా ఉంటే బండి బతికినట్టు. పాల కాఫీలా ఉంటే బ్లాక్ పగిలి నీళ్ళు ఆయిల్లో కలిసినట్టు. ఇంత చెప్పినవాడు తనే లాగి చూడొచ్చుగా! చేతులు కడుక్కున్నాడట, మళ్ళీ మసి చేసుకోడట. పాత బండ్లు తీసుకునే వాడొకడు తనకి తెలుసట, ఆదివారం వెంటబెట్టుకొస్తాడట. ఈయన సరే అన్నారు.

ఆయిల్ చూడలేదు. టైమ్ లేదు.

5, బుధవారం

దుప్పట్లు ఉతికాను. ఉతకాల్సినవీ, ఉతకక్కర్లేనివీ కూడా. ఆయిల్ చూడలేదు.

6, గురువారం

పొద్దున్నే అత్తగారు నీళ్ళు కాచే గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నారు. అడుగున తెల్లగా గార. గోటితో ఒక పెచ్చు ఊడదీసి నా అరచేతిలో పెట్టారు.

"చూడమ్మాయ్, ఇంత మందాన గార పడితే నీళ్ళు ఎప్పటికి కాగుతాయి? మంటంతా దీనికే సరిపోతుంది."

ఆ పెచ్చు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గిన్నెలో మంట వేడి నీళ్ళకి అందట్లేదు. బండిలో ఇంజిన్ వేడి నీళ్ళకి అందట్లేదు. రెండింటికీ ఒకటే రోగం అయ్యుండొచ్చు కదా?

"అత్తయ్యా, మన బండి లోపల ఎప్పుడైనా కడిగారా?"

"ఎవరు కడుగుతారు? వాడు పైపైన రుద్దుతాడు, తళతళలాడేట్టు. లోపలేముందో ఎవరు చూడొచ్చారు?"

బండితో పాటు వచ్చిన పుస్తకం అటక మీద దొరికింది. పేజీ పేజీకీ గ్రీజు వేలిముద్రలు. 'శీతల వ్యవస్థను ఏటా ఒకసారి శుభ్రపరచవలెను' అని ఉంది. ఏటా! ఈ బండి మా పెళ్ళికన్నా ముందుది. ఎలా చెయ్యాలో వరసగా ఉంది, చదివితే బ్రహ్మవిద్యేం కాదు. పక్క పేజీలో లావు అక్షరాలతో ఏదో హెచ్చరిక ఉంది. దాంతో ఇప్పుడు పనేంటి. పేజీ తిప్పేశాను.

ఆయనకి చెప్తే నవ్వారు. "బొగ్గు పాలతో కడిగినా తెల్లబడుతుందా?"

"బొగ్గో కాదో కడిగాక తెలుస్తుంది" అన్నాను.

7, శుక్రవారం

నడుం విరిగింది. కానీ రాయకుండా నిద్రపట్టదు.

ఇంజిన్ చల్లగా ఉండగానే మొదలుపెట్టాను. మూత తీశాను. రేడియేటర్ అడుగున చిన్న కుళాయి ఉంటుంది, అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కిరసనాయిల్ చుక్కలు వేసి, పానాతో మెల్లగా తట్టి తట్టి, చివరికి తిప్పాను. తొట్టిలోకి ఇటుకపొడి కలిపినట్టు ఎర్రనీళ్ళు పడ్డాయి. ఈయన మంచం కిటికీ దగ్గరికి జరిపించుకున్నారు, తమాషా చూడ్డానికి.

"ఇంజిన్ పక్కన ఇంకో కుళాయి ఉంటుంది. అదీ తియ్యి. ఎడమకి తిప్పు. నీ ఎడమకి కాదు, దాని ఎడమకి!"

"దానికి ఎడమా కుడీ ఎక్కడుంటాయండీ? అదేమైనా మనిషా?"

అది తిరిగింది కానీ ఒక్క చుక్క రాలేదు. లోపల బురద గట్టిపడి రంధ్రం మూసేసింది. గొడుగు ఊచ ఒకటి వంచి దూర్చాను. గెలికాను. ఇంకా గెలికాను. ఉన్నట్టుండి బురద ముద్ద ఒకటి జారిపడింది, వెనకే నీళ్ళు చిమ్మి నా మొహం మీదా, జాకెట్టు మీదా పడ్డాయి. అత్తగారు నవ్వలేక స్తంభం పట్టుకున్నారు. "పోనీలే, స్నానం ఖర్చు తప్పింది" అన్నారు. కిటికీలోంచి కూడా నవ్వు వినబడింది. నెల్లాళ్ళలో ఆయన నవ్వడం అదే మొదలు. నాకు కోపం రాలేదు.

ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య థర్మోస్టాట్ అని చిన్న తలుపు ఉంటుంది. నీళ్ళు వేడెక్కితే తెరుచుకుని రేడియేటర్ వైపు దారి ఇవ్వాలి. తెరుచుకోకపోతే అదే దోషి. విప్పి, దారం కట్టి, పొయ్యి మీద కాగే నీళ్ళలో వేలాడదీశాను. నేనూ అత్తగారూ గిన్నెలోకి తొంగి చూస్తూ నిలబడ్డాం.

"ఇదేంటే, నోరు మూసుకునే చస్తుందా?"

"ఆగండి అత్తయ్యా."

నీళ్ళు మరిగే ముందు మెల్లగా తెరుచుకుంది. అత్తగారు చప్పట్లు కొట్టారు. అంటే తలుపు మంచిదే. దోషం ఇంకెక్కడో ఉంది.

రేడియేటర్ రేకుల మధ్య ఇరుక్కున్న పొట్టూ, పురుగులూ వెనకవైపు నుంచి గొట్టంతో కొట్టి పోగొట్టాను. ఫ్యాన్ బెల్టు చూశాను, బిగువుగానే ఉంది. అన్నీ చూశాను. ఆయిల్ రేపు చూస్తాను.

8, శనివారం

బట్టల సోడా బకెట్ వేడినీళ్ళలో కరిగించి పోశాను. నిండా నీళ్ళు నింపి ఇంజిన్ నడిపాను, దున్నకం లేకుండా ఊరికే ఇరవై నిమిషాలు. ఆపాక ఆగాను. ఈసారి గడియారం చూసి మరీ ఆగాను. వదిలితే కాఫీ డికాక్షన్ లాంటి నీళ్ళు వచ్చాయి, అడుగున గార పెచ్చులు. మూడుసార్లు చేశాను. మూడోసారికి ఇంజిన్ వైపు నుంచి తేటనీళ్ళు వచ్చాయి. రేడియేటర్ లోంచి మాత్రం ధార సన్నగా, మొరాయిస్తూ వస్తోంది.

అప్పుడు పుస్తకంలో చెప్పినట్టు తలకిందుల పద్ధతి. కింది గొట్టం విప్పి, తోట గొట్టం పెట్టి, చుట్టూ గుడ్డ కుక్కి, అడుగు నుంచి పైకి నీళ్ళు తోశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత పై మూతి గుడగుడమంది. బూడిదరంగులో, రబ్బరులా సాగే ముక్కలు పైకి తేలాయి. ముక్కల నిండా నల్ల నలుసులు. ఆ వెనకే జిగురు, పిడికెడు పిడికెడుగా. గిన్నెలోకి తీశాను. ఒక నలుసు వేళ్ళ మధ్య నలిపి చూశాను. మిరియం!

గిన్నె తీసుకెళ్ళి ఆయన మంచం మీద పెట్టాను.

"ఏంటిది?"

"మీరే చెప్పండి."

చూశారు. కిటికీ వైపు తిరిగారు. "తుప్పు."

"తుప్పులో మిరియాలెందుకుంటాయండీ?"

చాలాసేపు కట్టు గోక్కున్నారు. ఆ తర్వాత మెల్లగా బయటపడింది. రేడియేటర్ అడుగు నుంచి నీళ్ళు కారేవట. గుడ్డు తెల్లసొన, మిరియాల పొడి కలిపి పోస్తే వేడికి గట్టిపడి చిల్లు మూసుకుంటుందని ఎవరో చెప్పారట.

"ఎన్ని గుడ్లు?"

"రెండు."

"మొత్తం రెండా?"

"ఒక్కోసారికి."

గుమ్మంలోంచి అత్తగారు ఒక్క అరుపు అరిచారు. "అదిరా సంగతి! గంపలో గుడ్లు మాయమవుతున్నాయని నేను పిల్లిని చీపురుతో కొట్టానురా! ఉత్తపుణ్యానికి నోరులేని జీవాన్ని కొట్టించావు కదరా!"

"సరే, గుడ్డు మీది. మరి ఈ జిగురెవరిది?" అన్నాను. ఆయన తల్లి మీద ఒట్టేశారు, తనది కాదని. వెయ్యగానే ఆ తల్లికి పొయ్యి మీద ఏదో ఉన్నట్టు గుర్తొచ్చింది.

"అత్తయ్యా."

"ఏంటే?"

"పొయ్యి మీద ఏమీ లేదు. నేనిప్పుడే చూసొచ్చా."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. "షెడ్డులో రోజూ చుక్కలు చుక్కలుగా మరక. తుడవలేక చచ్చేదాన్ని. బట్టలకి పెట్టగా మిగిలిన గంజి ఓ చెంబుడు పోస్తే కారడం ఆగుతుందనుకున్నా. నీళ్ళు పోసే చోటే కదా. గంజి కూడా నీళ్ళేగా?"

"ఎన్ని చెంబులమ్మా?" అన్నారు ఆయన.

"నీ గుడ్లకన్నా తక్కువేలే!"

ఒకరికి తెలీకుండా ఒకరు ఆ బండికి ఏళ్ళ తరబడి వంట చేసి పెట్టారన్నమాట. పగలబడి నవ్వుకున్నాం. ఆయనకి నవ్వి నవ్వి కాలు నొప్పి పుట్టింది.

అసలు విడ్డూరం తర్వాత. కింది గొట్టం తిరిగి పెట్టి నీళ్ళు నింపితే తెలిసింది, రేడియేటర్‌కి చిల్లే లేదు. కారేది గొట్టం మీది క్లిప్పు దగ్గర, అది వదులు. స్క్రూడ్రైవర్‌తో రెండు తిప్పులు తిప్పాను, కారడం ఆగిపోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

అదే రోజు, సాయంత్రం

అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. వాళ్ళిద్దరూ ఒప్పేసుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు నేను గిన్నె కడగడానికి వెళ్ళిపోయాను.

అరగంట ఆగలేదు. పావుగంటా ఆగలేదు. అసలు ఆగలేదు. ఆవిరి చూసి భయపడిపోయాను. గుడ్డతో మూత తీసి, గట్టు మీదున్న డబ్బాలో నీళ్ళు మొత్తం దిమ్మరించాను. లోపల ఎక్కడో టక్కుమంది. ఆ టక్ సోమవారం నుంచి నా చెవుల్లో ఉంది. గిన్నె కిందపెడితే వినబడుతోంది, తలుపు వేస్తే వినబడుతోంది. అందుకే పుస్తకంలో ఆ హెచ్చరిక పేజీ తిప్పేశాను, అందుకే ఆయిల్ చూడట్లేదు. టైమ్ లేక కాదు.

ఎంత కడిగితే ఏం లాభం, బ్లాక్ పగిలుంటే? పగిలిందంటే వాళ్ళ గుడ్డూ గంజీ కాదు, నేనే చంపినట్టు.

9, ఆదివారం

లేవగానే షెడ్డుకి వెళ్ళాను. మొహం కూడా కడుక్కోలేదు. ఆయిల్ కడ్డీ లాగాను. దాని వైపు చూడకుండానే గుడ్డ మీద అడ్డంగా పెట్టుకుని, దేవుడికి హారతి పళ్ళెం తెస్తున్నట్టు తెచ్చి, ఆయన ముందు పెట్టాను.

"మీరు చూడండి. నావల్ల కాదు."

"ఏమైందే?"

"ఆగలేదు నేను. ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఉడుకుతుంటేనే చన్నీళ్ళు పోశాను. లోపల టక్కుమంది. అబద్ధం చెప్పాను మీకు."

ఏడుపొచ్చేసింది. ఆయన కడ్డీ తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పారు. వేలికి రాసుకుని చూశారు. ఇంత నిదానం మనిషని నాకు తెలీదు.

"నల్లగా ఉంది" అన్నారు.

"సరిగ్గా చూడండి."

"కాటుకలా ఉందే. నువ్వే చూసుకో."

చూశాను. నల్లగా ఉంది. నల్లగా, చిక్కగా, జిడ్డుగా ఉంది. ఇంత అందమైన నలుపు నేనెక్కడా చూళ్ళేదు. మంచం మీద కూర్చుండిపోయాను.

"మరి ఆ టక్?"

"వేడి ఇనుము మీద నీళ్ళు పడితే టక్కుమంటుంది. ప్రతిసారీ అంటుంది."

నా ఏడుపు ఠక్కున ఆగింది. "ప్రతిసారీ?"

ఆయన కడ్డీని మహా శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టారు.

"ఎన్నిసార్లు పోశారండీ మీరు?"

"ఎప్పుడో, ఓసారో రెండుసార్లో..."

"బుద్ధున్న వాళ్ళెవరూ పొయ్యరన్నారే!"

"పొయ్యరు" అన్నారు తల దించుకుని. "నాకుందని నేనెప్పుడన్నాను?"

ఆరు రోజులు! తిండి సహించక ఆరు రోజులు చచ్చాను ఈ మనిషి మాట పట్టుకుని. దిండు తీసి కొట్టాను, మంచి కాలు చూసుకుని. కొడుతూనే నవ్వాను. అత్తగారొచ్చి ఏమైందే అంటే ఇద్దరం ఏమీ లేదన్నాం.

తుప్పు పట్టనివ్వని కూలెంట్ కలిపిన నీళ్ళు నిండా పోసి, గాలి బుడగలు పోయేదాకా మూత తీసి నడిపి, ఏడింటికి పొలంలో దిగాను. తొమ్మిదిన్నర దాకా ఆపకుండా దున్నాను. చాలు చూడాల్సింది పోయి ముల్లే చూశాను. సగంలో నిలబడింది. ఎండెక్కినా, బరువు పడినా సగంలోనే.

పదింటికి తలూపుడు మేస్త్రీ, వెంట కొనేవాడు. ఆ కొనేవాడు మేస్త్రీ బావమరిదట, ఇప్పుడు తెలిసింది. బావమరిది రేడియేటర్ మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "బావా, ఇది చచ్చిన బండన్నావ్?" మేస్త్రీ తల ఊపాడు. ఎటు ఊపాలో తెలీక రెండు వైపులా ఊపాడు.

ఆయన చంకకర్రలతో గుమ్మందాకా వచ్చారు. ఛాతీ ఇంత వెడల్పు చేసుకుని, "అమ్మేది లేదయ్యా. శనివారం నా కట్టు విప్పుతున్నారు. ఆ సోమవారం నుంచి నేనే ఎక్కుతా" అన్నారు.

ఈ వారమంతా బండి బతికితే చాలనుకున్నాను. బతికింది. బతికితే ఎవరికి, అన్న సంగతి అడగడం మర్చిపోయాను.

వాళ్ళు వెళ్ళేదాకా ఊరుకున్నాను. చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డాను.

"సోమవారం మీరు ఎక్కరు."

"అదేంటి?"

"సోమ, బుధ, శుక్ర నావి. మంగళ, గురు, శని మీవి. ఆదివారం దానికి సెలవు."

"బండిని రోజులేసి పంచుకుంటారా ఎవరైనా? నలుగురూ వింటే నవ్వుతారు!"

"నవ్వనివ్వండి."

"మరి నీ రోజుల్లో నేనింట్లో కూర్చుని ఏం చెయ్యను?"

"పందొమ్మిదేళ్ళు నేనేం చేశానో అదే చెయ్యండి."

అనేశాక నాకే భయమేసింది. ఆయన నా మొహంలోకి చూశారు, ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు. అత్తగారు చేతిలో చేట కిందపెట్టారు.

"దాని మాట న్యాయంగానే ఉందిరా. లోపల కడిగింది అది. నువ్వు గుడ్లేశావు."

"నువ్వు గంజి పొయ్యలేదూ?" అన్నారాయన. అత్తగారు చేట ఎత్తుకుని లోపలికి పోయారు.

ఆయన అవుననలేదు, కాదనలేదు. నేనూ మళ్ళీ అడగలేదు. చెప్పాల్సింది చెప్పాను, అంతే.

12, బుధవారం

దున్నాను. ముల్లు సగంలోనే ఉంది. ఆయన ఇంకా ఏమీ అనలేదు.

15, శనివారం

కట్టు విప్పారు. కాలు సన్నగా, పాలిపోయి చిన్నపిల్లాడి కాలులా ఉంది. జాలేసింది. నడవొచ్చు, బరువెత్తకూడదు అన్నాడు డాక్టరు. క్లచ్ తొక్కొచ్చా అని ఈయన అడిగారు. తొక్కొచ్చన్నాడు. నేను గోడ మీది బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

17, సోమవారం

తెల్లారి లేచేసరికి పక్కన ఆయన లేరు. షెడ్డు వైపు చప్పుడవుతోంది. సరే, అయిపోయింది అనుకున్నాను. మంచం మీద కూర్చుని జడ వేసుకున్నాను, తొందరేముంది కనక. కాఫీ పెట్టి గ్లాసు తీసుకుని వెళ్ళాను.

రేడియేటర్ మూత తీసి ఉంది. ఆయన లోపలికి తొంగి చూస్తున్నారు. చేతిలో ఆయిల్ కడ్డీ, భుజం మీద మసిగుడ్డ.

"నీళ్ళు చూశాను. ఆయిల్ చూశాను. కింది గొట్టం క్లిప్పు ఇంకో పావు తిప్పు బిగించాను" అన్నారు. కాఫీ అందుకుని ఒక గుక్క తాగి, "సీటు నీకు ముందుకి జరిపా. ఎక్కు, ఎండెక్కుతోంది" అన్నారు.

"మీరు?"

"నేను మధ్యాహ్నం అన్నం పట్టుకొస్తాగా."

ఎక్కాను. మొదటి చాలు చివరిదాకా వెళ్ళి బండి తిప్పేటప్పుడు ఏడుపొచ్చింది. ఇంజిన్ చప్పుడులో ఎవరికి వినబడుతుంది? హాయిగా ఏడ్చాను.